విజయదశమి నాటి విమానం

నివేదిత మెట్లెక్కి వచ్చేసరికి ఆమె ఓణీ మీద పోసిన కాలిన ఇంజను నూనె ఇంకా కారుతూనే ఉంది. గుమ్మంలో నిలబడి లోపలికి అడుగు పెట్టడానికి జంకింది. నేల పాడవుతుందని ఆమె భయం.

"లోపలికి రా," అంది హైమ. అంతకంటే ఏం చెప్పాలో ఆమెకు తోచలేదు. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. తన తువ్వాలు కూడా ఇచ్చింది.

పట్నంలో తంగసాలై వీధిలో కాగితాల కొట్టు పైన ఉన్న ఆ గది ప్రైవేటు డిటెక్టివ్ నాగలింగానిది. ఆయన ఇరవై ఏళ్ళు బీమా కంపెనీలో లారీ ప్రమాదాలు పరిశీలించి, పై అధికారులతో పడక బయటికి వచ్చేశాడు. నోట్లో ఎప్పుడూ ఒక ఎండు ఉసిరి ముక్క ఉంటుంది. హైమ నాయుడుపేట దగ్గరి పల్లెటూరి పిల్ల. టైపు వచ్చు, మాటలు రావు. ఉద్యోగం ఇచ్చిన రోజు ఆయన, "మాట్లాడని మనిషి దగ్గర అందరూ మాట్లాడతారు. నువ్వు నాకు పనికొస్తావు," అన్నాడు. ఏడాదైనా ఆమె ఆ మాట మరిచిపోలేదు.

"ఎవరు పోశారు నూనె?" అడిగాడు నాగలింగం.

"కనకవల్లి ట్రాన్స్‌పోర్టు డ్రైవర్లు సార్. మాధవరంలో మా ఇంటి ముందర రెండు లారీలు అడ్డం పెట్టినారు. పెట్రోలు దొంగ కూతురా అని..." ఆమె తువ్వాలుతో ముఖం తుడుచుకుంది. "మా నాయన రంగసామి. శ్యామ్ సార్ విమానానికి మెకానిక్కు."

నాగలింగానికి ఆ వార్త తెలుసు. నాలుగు రోజుల కిందట, విజయదశమి నాడు, లారీల యజమాని శ్యామ్ తన నాలుగు సీట్ల చిన్న విమానంలో ఒంటరిగా ఎగిరాడు. ఇరవై నిమిషాలకు ఎన్నూరు ఉప్పుటేరు మీద ఇంజను ఆగిపోయింది. విమానం బురదలో ముక్కుతో కూరుకుపోయింది. శ్యామ్ అక్కడే పోయాడు. అధికారులు చూసేసరికి ట్యాంకుల్లో పెట్రోలు దాదాపు లేదు.

"పెట్రోలు అయిపోవడం. చిన్న విమానాలు కూలడానికి మామూలు కారణాల్లో అదొకటి," అన్నాడు నాగలింగం. "మీ నాయన తక్కువ పోశాడని వాళ్ళ మాట."

"నిండా పోసినాడు సార్! నేను చూసినాను, ఆ పొద్దు అన్నం తీసుకుపోయినాను." ఆమె కళ్ళు తుడుచుకుంది. "శ్యామ్ సార్ చిన్నాయన భక్తవత్సలం అయ్య ఒక కాగితం రాయించినాడు. పెట్రోలు దొంగిలించి అమ్ముకున్నాను, నా వల్లే శ్యామ్ చచ్చిపోయినాడు అని. రేపు సాయంత్రం అందరి ముందర సంతకం పెట్టాలంట. పెట్టకుంటే ఇల్లు కూల్చేస్తారంట."

"పెట్టొద్దని చెప్పు."

"చెప్పినాను. పెడతానంటున్నాడు సార్! దొంగతనం చేయని మనిషి ఎందుకు పెడతాడు?"

నాగలింగం ఉసిరి ముక్కను ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చాడు. లేచి గొడుగు అందుకున్నాడు.

"హైమా, పుస్తకం తీసుకో. నాకు కావలసిన ప్రశ్న ఈ అమ్మాయే అడిగింది."

* * *

రంగసామి ఇంటి ముందు లారీలు ఇంకా ఉన్నాయి. డ్రైవర్లు తొట్టిమీద కూర్చుని కాళ్ళు ఊపుతున్నారు. "ఏమప్పా, దొంగకు వకీలు వచ్చినాడా?" అని ఒకడు అరిచాడు. ఇంకొకడు హైమ కాళ్ళ దగ్గర ఉమ్మేశాడు. నాగలింగం ఆ లారీల నంబర్లు పైకి చదివి హైమ చేత రాయించాడు. ఆ తరవాత ఎవరూ ఉమ్మలేదు.

రంగసామి పెదవి చిట్లి ఉంది. ఒక కన్ను మూసుకుపోయింది. గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

"ఎంత పోశావు?"

"నిండా."

"మరి సంతకం?"

"పెడతాను సార్. వదిలేయండి."

"ఎవరి కోసం?"

రంగసామి ఆ ఒక్క కన్నుతో ఆయన్ను చూసి తల తిప్పుకున్నాడు. "శ్యామ్ బాబు తల్లి కనకవల్లమ్మ నాకు పదేళ్ళప్పటినుంచి అన్నం పెట్టింది సార్. ఇంకేమీ అడగొద్దు."

బయటికి వచ్చాక హైమ మెల్లగా అంది, "భయపడి కాదు సార్. ఆయనకు ఏదో తెలుసు."

"తెలుసు. తెలిసింది నోట రాకుండా ఉండడానికే జైలుకు పోతానంటున్నాడు."

* * *

కనకవల్లి ట్రాన్స్‌పోర్టు వారి ఇల్లు లారీల పెరటిని ఆనుకునే ఉంది. ఆయుధపూజ చేసి వారం కాలేదు. ప్రతి లారీ ముఖానికీ ఎండిన బంతిపూల దండ, అద్దాల మీదా బానెట్ మీదా గుండ్రని ఎర్ర బొట్లు. మేడ మీద పక్షవాతంతో మంచం పట్టిన శ్యామ్ తండ్రి పెద్ద నాయుడు ఉన్నాడు. ఆయన తమ్ముడు భక్తవత్సలం వరండాలో వాళ్ళకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఎవడయ్యా నువ్వు? నిన్నెవరు పిలిచినారు?"

"రంగసామి కూతురు."

"దొంగ డబ్బుతో డిటెక్టివా! బాగుంది."

"నేనింకా డబ్బు తీసుకోలేదు. మీరు కాగితం మీద సంతకం పెట్టించుకుంటే అది కోర్టులో నిలవాలి కదా. దెబ్బలు తిన్న మొహంతో పెట్టిన సంతకం నిలవదు. రెండు ప్రశ్నలడిగి పోతాను. మీకే మేలు."

భక్తవత్సలం గుర్రుగా చూసి పక్కకు తప్పుకున్నాడు.

లోపల శ్యామ్ భార్య హేమమాలిని ఉంది. ముప్పై ఏళ్ళుంటాయి. ఏడ్చి ఏడ్చి ముఖం రాయిలా అయిపోయింది.

"పూజకు మీరు వెళ్ళారా అమ్మా?"

"లేదు. ఆ విమానం నాకు సవతి. సవతికి హారతి పడతానా?" ఆమె అత్తగారి గది వైపు చూసింది. "ఆమె పోయింది. కొడుకు ఎగురుతుంటే ఆ చప్పుడు విని మురిసిపోవడం ఆమెకే అలవాటు. నేను వద్దని ఏడిస్తే, మగవాడి రెక్కలు విరచొద్దు అనింది. ఇప్పుడు విరిగినాయి కదా!"

"హేమా!" లోపలి నుంచి ముసలి గొంతు వణికింది.

"ఏం, అబద్ధమా అత్తా?"

నాగలింగం జవాబు కోసం ఆగకుండా లోపలికి నడిచాడు. కనకవల్లికి డెబ్బై ఏళ్ళు. పొట్టి మనిషి, నడుం వంగి ఐదడుగులు కూడా లేదు. రెండు కళ్ళకూ పొరలు కమ్మాయి. పాదాల పసుపు ఇంకా పోలేదు. ఎదుట నిలబడింది ఆడపిల్ల అని అడుగుల చప్పుడుతో తెలుసుకుని, చేయి చాచి హైమను దగ్గరికి పిలిచింది.

"ఏడుపింట్లోకి వచ్చినావు. బొట్టు లేకుండా పోవద్దు, దా."

ఆమె పక్కనున్న భరిణె తెరిచింది. అందులో ఒక అరలో కుంకుమ, ఇంకో అరలో మైనం ముద్ద. మైనం కొంచెం గిల్లి హైమ నొసట ఒత్తి, దాని మీద కుంకుమ అద్దింది. గోరు గుచ్చుకుని హైమకు నొప్పి పుట్టింది.

"నొచ్చిందా తల్లీ? లారీలకు పెట్టి పెట్టి నా చెయ్యి మొరటైపోయింది. నూనె పట్టిన ఇనుము మీద కుంకుమ నిలవదు. మైనం పెడితే వానకు కూడా పోదు. నలభై ఏళ్ళుగా అన్ని బండ్లకూ నేనే."

"విమానానికీ మీరేనా?" అన్నాడు నాగలింగం.

"నేనే. శ్యామ్ పోయినేడే కొన్నాడు. దానికి ఇదే మొదటి పండగ." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

భక్తవత్సలం కొడుకు గిరి అప్పుడే లోపలికి వచ్చాడు. ఇరవై ఎనిమిదేళ్ళ వాడు, చక్కగా ఇస్త్రీ చేసిన చొక్కా, చేతిలో కారు తాళాలు.

"పెద్దమ్మను ఇంకెంత ఏడిపిస్తారు? అడిగేదేదో నన్ను అడగండి."

"సరే. పూజకు ఆమెను విమానం షెడ్డుకు తీసుకెళ్ళింది ఎవరు?"

"నేనే కారు తోలినాను. బయటే ఉన్నాను. లోపలికి పోలా. ఆ విమానం మొహం చూడనని ఒట్టు పెట్టుకున్నాను."

"ఎందుకట?"

గిరి నవ్వాడు. ఆ నవ్వులో తీపి లేదు. "నేనూ పైలెట్‌నే సార్. పోయినేడు ఎగరతా ఉంటే ఇంజను ఆగింది. నేను పొలంలో భద్రంగా దించినాను. శభాష్ అనేది పోయి, మా అన్న విమానాల క్లబ్బుకు ఉత్తరం రాసి నా లైసెన్సు తీయించినాడు. తమ్ముడు జాగ్రత్త లేనివాడంట. తానేమో మహా జాగ్రత్త మనిషి! అంత జాగ్రత్త మనిషి రెక్కల నిండా పెట్రోలు పెట్టుకుని బురదలో పడినాడు. ఏం లాభం?"

"చాల్లే రా!" భక్తవత్సలం కసిరాడు. "చచ్చినోడి మీద ఇప్పుడెందుకు? ఆ దొంగ రంగసామి చేసిందానికి వాడేం చేస్తాడు? ఏమయ్యా, అయిందా నీ రెండు ప్రశ్నలు? ఇంక నడువు. మళ్ళీ ఈడ కనిపిస్తే కాళ్ళు విరగ్గొడతా."

హైమ అన్నీ రాసుకుంది. గేటు దాటాక నొసటి బొట్టును తడిమి చూసుకుంది. అది కదల్లేదు.

* * *

ఎన్నూరులో రోడ్డు పొడుగునా లారీల దుమ్ము. ఉప్పుటేటి నీళ్ళ మీద బూడిద తెట్టె కట్టింది. విమానాన్ని గట్టు మీదికి లాగి, చుట్టూ తాడు కట్టి, ఒక కానిస్టేబుల్‌ను కాపలా పెట్టారు. నాగలింగం అతనికి నమస్కారం పెట్టి, తన చేతులు కనిపించేలా పెట్టుకుని చుట్టూ తిరిగాడు.

అది రెక్కలు తల మీదుగా ఉండే రకం. ముక్కు నలిగిపోయింది కానీ ఎడమ రెక్క చెక్కు చెదరలేదు. ఉప్పునీళ్ళలో నానినా, ముక్కు మీదా చక్రాల దగ్గరా ఎర్ర బొట్లు అక్కడక్కడా మిగిలే ఉన్నాయి. నాగలింగం రెక్క కింద నిలబడి చాలాసేపు పైకి చూశాడు.

"హైమా, నీ జడపిన్ను ఇవ్వు. కానిస్టేబుల్ గారూ, మీరు దగ్గరుండి చూడండి. ఇక్కడేం దొరికినా మీరే కాగితంలో చుట్టి సంతకం పెట్టి ఇన్‌స్పెక్టరుకు ఇవ్వాలి."

రెక్క అడుగున చిటికెనవేలంత గొట్టం ఒకటి కిందికి వచ్చి ఉంది. పిన్ను దూర్చి తిప్పితే లోపలి నుంచి ఉసిరి గింజంత ముద్ద ఊడి పడింది. మైనం. దాని మొహం మీద ఎర్రని కుంకుమ.

హైమ చేయి తనకు తెలియకుండానే నొసటికి పోయింది.

నాగలింగం పిన్ను తుడిచి ఆమెకు తిరిగి ఇచ్చాడు. "పడవల వాళ్ళ దగ్గరికి పో," అన్నాడు. "నేను వస్తే నోరు తెరవరు. నువ్వు ఊరికే కూర్చో."

ఆమె వల బాగు చేసుకుంటున్న అమ్మాసి అనే జాలరి పక్కన కూర్చుంది. పావుగంట ఏమీ అడగలేదు. దారం అందించింది. చివరికి అతనే మొదలుపెట్టాడు.

"ఆ సామిని బయటికి లాగింది నేనే పాపా. అప్పటికే పానం లేదు."

"నువ్వు ఒక్కడివే వెళ్ళావా?"

"ఇంకెవరు పోతారు? నడుముల దాకా బురద." అతను వలలో ఒక ముడి బిగించాడు. "నేనొక తప్పు చేసినా. ఎవరికీ చెప్పొద్దు. మర్నాడు తెల్లారి ఆఫీసర్లు రాకముందు నేనూ మా బామ్మర్ది ఆ రెక్కల్లో పెట్రోలు తీసుకున్నాం. పడవ మోటారుకు. ఊరికే పోతా ఉంది కదా అని."

హైమ దారం చుట్టడం ఆపింది. "ఎంత ఉంది?"

"నాలుగు పెద్ద క్యాన్లు. రెక్కల నిండా ఉన్నట్టే. అయితే ఒక వింత పాపా. మూత తిప్పితే రాలా. ఇద్దరం కలిసి తిప్పితే ఉస్సుమని గాలి లోపలికి లాక్కునింది. నా చేతిగుడ్డ అంచు కూడా లోపలికి పోయింది. ఊపిరి బిగబట్టుకున్న మనిషిలాగా ఉన్నింది ఆ ట్యాంకు."

హైమ ఆ మాటను అలాగే రాసుకుంది. "అన్నా, ఇది చెప్పకపోతే ఒక మంచి మనిషి దొంగ అయిపోతాడు," అంది.

అమ్మాసి వల పక్కన పెట్టాడు. "నన్ను కొడతారు పాపా," అన్నాడు.

"ఆయన్ను ఇప్పటికే కొట్టారు."

* * *

విమానం షెడ్డు పొన్నేరి దారిలో, ఎప్పటిదో పాత రన్‌వే పక్కన ఉంది. నివేదిత తండ్రిని అక్కడికి తీసుకొచ్చింది. రంగసామి గుమ్మం దాటి లోపలికి రాలేకపోయాడు.

షెడ్డు మధ్యలో, విమానం ఎడమ రెక్క ఉండే చోట, పెద్ద చెక్కపెట్టె ఒకటి ఉంది. దాని మీద రెండు చిన్న పాదాల ముద్రలు, పసుపు రంగువి. నాగలింగం దాన్ని కదపబోతే కదల్లేదు.

"పాత బ్యాటరీల పెట్టె సార్," అన్నాడు రంగసామి. "ఎప్పుడూ ఆ మూల ఉంటుంది. ఈడికి ఎట్లా వచ్చిందో నేను చూడలా. పూజప్పుడు నేను రన్‌వే చివర గుమ్మడికాయ కొట్టను పోయినాను."

"గొట్టంలో మైనం దొరికింది రంగసామీ."

రంగసామి తలుపు చెక్క పట్టుకుని తల వంచుకున్నాడు. నివేదిత తండ్రి భుజం పట్టుకుంది.

"మీకు ముందే తెలుసు," అంది హైమ. "అందుకే సంతకం పెడతానన్నారు."

"బురదలో విమానం, ఆ గొట్టం మూతిలో ఎర్ర ముద్ద చూసినప్పుడే తెలిసింది," అన్నాడు అతను, మాట మాటకూ ఆగుతూ. "పూజయినాక బొట్లన్నీ తుడిచేద్దామని గుడ్డ తడిపినాను. అమ్మ చెప్పింది, మూడో నాటి దాకా బొట్టు మీద గుడ్డ పడకూడదు అన్నారు. సరే అనుకున్నా. శ్యామ్ బాబు మర్నాడు పొద్దున వచ్చి చుట్టూ తిరిగి చూసినాడు. అమ్మ బొట్టు చూసి కండ్లకు అద్దుకున్నాడు సార్. కిందంతా బొట్లే. గొట్టం లోపల ముద్ద ఉందని ఎవరు అనుకుంటారు? పాపం ఆమెకేం తెలుసు. కన్నకొడుకును తన చేత్తో... అది ఆమెకు తెలియకూడదు. నేను దొంగనైనా ఫరవాలేదు."

"గుడ్డ పడకూడదని నీకు చెప్పింది ఎవరు? ఆమే స్వయంగా చెప్పిందా?"

రంగసామి తల ఎత్తాడు. ఆ ప్రశ్న అతనికి ఇప్పటిదాకా తట్టనే లేదు. అతను చెప్పిన పేరు హైమ రాసుకోలేదు. పుస్తకం మూసింది.

తిరిగి వస్తుంటే బస్సులో ఆమె అడిగింది. "ఆ ముసలమ్మకు చెప్పక తప్పదా సార్? రంగసామి అంత దాచింది..."

"దాస్తారనే నమ్మకం మీదే ఈ పని చేశారు హైమా. చెప్పకపోతే కొడుకును చంపినవాడు రేపు ఆమె చేతి అన్నమే తింటాడు."

* * *

మర్నాడు సాయంత్రం నాలుగింటికి లారీల పెరట్లో బల్ల వేసి దాని మీద కాగితం పెట్టారు. డ్రైవర్లు చుట్టూ మూగారు. వరండాలో కనకవల్లి కుర్చీలో, ఆమె వెనక హేమమాలిని, మెట్ల మీద గిరి. నాగలింగం ఇన్‌స్పెక్టరును వెంటబెట్టుకుని వచ్చాడు. భక్తవత్సలం అది చూసి సంతోషించాడు. దొంగను తీసుకుపోవడానికే వచ్చారనుకున్నాడు.

"సంతకానికి ముందు ఒక చిన్న పని," అన్నాడు నాగలింగం. సంచిలో నుంచి ఒక నూనె డబ్బా తీశాడు. "ఇంట్లో డబ్బా తెరిచేటప్పుడు ఎన్ని బొక్కలు పెడతారు?"

"ఇదేం ఆట?" అన్నాడు భక్తవత్సలం.

"రెండు," అంది హేమమాలిని, ముఖం చిట్లించి. "ఒకటి నూనెకు, ఒకటి గాలికి."

"అంతే." ఆయన డబ్బా వంచాడు. నూనె గిన్నెలోకి ధారగా దిగింది. రెండో బొక్క మీద మైనం ముద్ద ఒత్తి మూశాడు. ధార సన్నబడింది, వెక్కిళ్ళు పెట్టింది, ఆగిపోయింది. "డబ్బా నిండానే ఉంది. నూనె మాత్రం రాదు. శ్యామ్ విమానం ఇలాగే ఆగింది. రెండు ట్యాంకులకూ కలిపి గాలి పీల్చే గొట్టం ఒక్కటే. ట్యాంకు పైన ఉన్న కాస్త గాలితో ఇరవై నిమిషాలు నడిచింది."

"కట్టుకథ! ట్యాంకు ఖాళీగా ఉంది. పేపర్లో కూడా పడింది!"

నాగలింగం గేటు వైపు చూశాడు. అమ్మాసి లోపలికి వచ్చాడు. తలగుడ్డ చేతిలో పట్టుకుని, పెట్రోలు తీసిన సంగతీ, గాలి ఉస్సుమని లోపలికి పోయిన సంగతీ చెప్పాడు. ఒక డ్రైవరు అతని మీదికి ఉరికాడు. ఇన్‌స్పెక్టరు వాణ్ణి వెనక్కి తోశాడు.

"రంగసామి దొంగ కాదు," అన్నాడు నాగలింగం. "గొట్టంలో ఇది దొరికింది."

ఇన్‌స్పెక్టరు ఇచ్చిన పొట్లం విప్పి చూపించాడు. ఎర్ర మొహం ఉన్న మైనం ముద్ద.

కనకవల్లికి కళ్ళు కనపడవు. "ఏందది? ఎవరన్నా చెప్పండి, ఏం దొరికింది?" అని అడుగుతూ ఉంది. ఎవరూ చెప్పలేదు. చివరికి హేమమాలిని ఆ ముద్దను తీసుకొచ్చి అత్త అరచేతిలో పెట్టింది. ముసలి వేళ్ళు దాన్ని ఒకసారి నలిపాయి. ఆమె దాన్ని గుప్పిట్లో బిగించింది.

"చెప్పొద్దన్నాను కదా సార్!" రంగసామి ఏడుస్తూ అరిచాడు.

"ముసలిదాని మీద హత్య పెడతావా?" భక్తవత్సలం నాగలింగం చొక్కా పట్టుకున్నాడు.

అప్పుడు గిరి మెట్లు దిగి వచ్చాడు. నెమ్మదిగా తండ్రి చేయి విడిపించాడు. "వద్దు నాయనా. పెద్దమ్మ తెలియక చేసింది. ఇంటి పరువు. ఇన్‌స్పెక్టరు గారూ, రంగసామిని వదిలేద్దాం, కేసేమీ వద్దు. ఇంతటితో సరి."

"ఈ మాట కోసమే కాచుకుని ఉన్నాను," అన్నాడు నాగలింగం. "గిరీ, నిన్న నువ్వు ఏమన్నావు? హైమా, చదువు."

ఇంతమంది ముందు ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు. పుస్తకం రెండు చేతులతో పట్టుకుని చదివింది. "అంత జాగ్రత్త మనిషి రెక్కల నిండా పెట్రోలు పెట్టుకుని బురదలో పడినాడు."

"ఊరంతా ట్యాంకు ఖాళీ అంటుంటే, మీ నాయన ఆ మాట మీదే ఒక మనిషిని కొట్టిస్తుంటే, నిండా ఉందని నీకెలా తెలుసు?"

"రంగసామి చెప్పినాడు కదా నిండా పోసినానని!"

"దొంగ అన్నారు కదా! దొంగ మాట నువ్వొక్కడివే నమ్మావా?" నాగలింగం జేబులో నుంచి మరో కాగితం తీశాడు. "ఇది శ్యామ్ క్లబ్బుకు రాసిన ఉత్తరం నకలు. పోయినేడు నీ ఇంజను ఆగింది కదా, ఎందుకు ఆగిందో నువ్వు నాకు చెప్పలేదు. గాలి గొట్టంలో కందిరీగ గూడు పెట్టింది. చూసుకోకుండా ఎగిరావు. ఇరవై నిమిషాలకు ఆగింది. ఆ గొట్టం మూస్తే ఏమవుతుందో ఈ ఇంట్లో శ్యామ్ తరవాత తెలిసినవాడివి నువ్వొక్కడివే."

"తెలిస్తే? నేను షెడ్డులోకి అడుగే పెట్టలా!"

నాగలింగం అతన్ని వదిలేసి వరండా వైపు తిరిగాడు. ఆయన గొంతు మారింది.

"అమ్మా, ముక్కుకూ చక్రాలకూ బొట్టు పెట్టడం మీ చేతికి అందుతుంది. రెక్క అడుగు మీ తల మీద ఒకటిన్నర అడుగు ఎత్తున ఉంది. అక్కడ మీరెలా పెట్టారు?"

కనకవల్లి కుర్చీ చేతులు పట్టుకుని ముందుకు వంగింది.

"పెట్టె ఎక్కినా," అంది.

"ఆ పెట్టె నాకే కదల్లేదు. ఎవరు జరిపారు?"

"గిరి." ఆమె పొరలు కమ్మిన కళ్ళు అతని చప్పుడును వెతికాయి. "గిరీ, నువ్వే కదరా చెయ్యి పట్టుకుని ఎక్కించింది. ఈడ చిన్న గుంట ఉంది పెద్దమ్మా, ఈడా పెట్టు, నిండా పెట్టు, లేకుంటే గాలికి ఊడిపోతుంది అన్నావు. అన్న మీద కోపం పోయింది కాబోలని నేనెంత సంతోషపడినాను!"

"బొట్ల మీద మూడో నాటి దాకా గుడ్డ పడకూడదని మీరు చెప్పారా?"

"నేనెందుకు చెప్తాను? లారీలకు పూజైన సాయంత్రమే అద్దాలు తుడిచేస్తారు."

"నాకు చెప్పింది గిరి బాబే," అన్నాడు రంగసామి. "అమ్మ మాట అన్నాడు."

గిరి తండ్రి వైపు చూశాడు. ఇన్ని రోజులూ అందరికంటే గట్టిగా అరిచిన భక్తవత్సలం బల్ల మీది కాగితాన్ని చూస్తూ నిలబడ్డాడు. దాని మీద దొంగ, హంతకుడు అని ఆయన రాయించిన మాటలే ఉన్నాయి.

"చెప్పరా," అన్నాడు. "కాదని చెప్పరా."

"నా రెక్కలు ముందు విరిచింది ఎవరు?" గిరి ఒక్కసారిగా అరిచాడు. "ఊరంతా నవ్వింది! డ్రైవర్లు కూడా నన్ను చూసి నవ్వినారు! జాగ్రత్త లేదంట నాకు! వాడు చూసుకున్నాడా? వాడూ చూసుకోలా! వాడూ నాలాంటోడే!"

భక్తవత్సలం కొడుకు చెంప మీద కొట్టాడు. మళ్ళీ కొట్టబోయి, చేయి పైకెత్తినవాడు అలాగే కింద కూర్చుండిపోయాడు. ఇన్‌స్పెక్టరు గిరిని తీసుకుపోయాడు. డ్రైవర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా పక్కకు తప్పుకున్నారు. వాళ్ళలో ఒక్కడైనా రంగసామికి క్షమించమని చెప్పలేదు. రంగసామే బల్ల మీది కాగితం తీసుకుని నాలుగుగా మడిచి చించాడు.

వెళ్ళేముందు నివేదిత వరండా మెట్ల దగ్గర ఆగింది. ఆ ఇంటి నుంచి ఏ ఆడపిల్ల వెళ్ళినా బొట్టు పెట్టి పంపడం కనకవల్లి నలభై ఏళ్ళ అలవాటు. అడుగుల చప్పుడు విని ఆమె చేయి భరిణె మీదికి పోయింది. మూత తెరిచింది. వేలు మైనానికి తగలగానే, నిప్పు తగిలినట్టు చేయి వెనక్కి తీసుకుంది.

"పో తల్లీ," అంది. "ఈ చెయ్యి వద్దు నీకు."

నివేదిత కదల్లేదు. మోకాళ్ళ మీద కూర్చుని, ముసలామె చేయి తన రెండు చేతుల్లోకి తీసుకుని, నొసలు ముందుకు వంచింది.

"పెట్టండమ్మా."

హైమ గేటు దగ్గర నుంచి చూస్తూ ఉంది. కనకవల్లి చాలాసేపటికి వేలితో కుంకుమ తీసింది. మైనం ముట్టుకోలేదు. ఒత్తలేదు. తగిలీ తగలనట్టు పెట్టింది. ఆ బొట్టు నిలవలేదు, కొంత నివేదిత ముక్కు మీద రాలింది. నివేదిత దాన్ని తుడుచుకోకుండా తండ్రి వెంట నడిచింది.